మయోన్ మబ్బు వీడే వేళ: లెగాస్పి ప్రయాణంపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ఆగ్నేయాసియా ప్రయాణాల గురించి రాస్తూ ఫిలిప్పీన్స్‌లోని మయోన్ అగ్నిపర్వతాన్ని, దాని పాదం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న లెగాస్పి నగరాన్ని ఒక పేరాలో ప్రస్తావించాను. ఆ ఒక్క పేరాకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం లెగాస్పికే కేటాయిస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి మనీలాలో వైద్యవిద్య చదువుతోంది. వచ్చే వేసవిలో నేనూ మావారూ అక్కడికి వెళ్ళి, ముగ్గురం కలిసి మయోన్ చూడాలని అనుకుంటున్నాం. మనీలా నుంచి ఒక్క రోజులో చూసి తిరిగి రావచ్చా? ఏ నెలలో వెళ్తే మంచిది?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఒక్క రోజులో వెళ్ళి రావడం సాధ్యమే గాని, ఆ రోజు మయోన్ మీకు కనిపిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మనీలా నుంచి విమానంలో గంటా పావుకు అటూ ఇటూగా బికోల్ అంతర్జాతీయ విమానాశ్రయంలో దిగుతారు. లెగాస్పి పక్కనే ఉన్న దరాగా పట్టణ పరిధిలో కొండల మధ్య కట్టిన ఈ విమానాశ్రయం 2021 అక్టోబరులో మొదలైంది. నగరం నడిబొడ్డున ఉండే పాత విమానాశ్రయం ఇప్పుడు వాడుకలో లేదు గనుక, పాత యాత్రా పుస్తకాలలోని వివరాలను నమ్ముకోకండి. రోడ్డు మార్గం 500 కిలోమీటర్లకు పైమాటే. రాత్రి బస్సులు పది, పన్నెండు గంటలు తీసుకుంటాయి. వయసులో ఉన్నవారికి ఫరవాలేదు గాని, మీ ఇద్దరికీ విమానమే మేలు.

అసలు చిక్కు దూరంతో కాదు, మబ్బుతో. సముద్ర మట్టం నుంచి దాదాపు ఒకే ఊపున సుమారు 2,460 మీటర్ల ఎత్తుకు లేచిన శిఖరం అది. పసిఫిక్ మీదుగా వచ్చే తేమగాలి ఆ వాలు వెంట పైకెక్కుతూ చల్లబడి, పొద్దెక్కేకొద్దీ మబ్బుగా మారి కొనను చుట్టేస్తుంది. అందువల్ల తెల్లవారుజామున కనిపించిన కొండ తొమ్మిది, పది గంటలకల్లా మాయం కావడం మామూలే. నేను వెళ్ళినప్పుడు మొదటి రెండు రోజులూ కింది పచ్చని వాలు తప్ప ఏమీ కనబడలేదు. మూడో రోజు ఐదున్నరకు సముద్రపు గట్టు మీద నిలబడి ఉండగా తూర్పున వెలుతురు పడింది. బూడిదరంగు కొండ కాసేపు గులాబీ రంగులోకి తిరిగి, కొన నుంచి సన్నని ఆవిరి ఒక పక్కకు వాలుతూ కనిపించింది. ఇరవై నిమిషాలు గడిచాక నడుము దగ్గర ఒక మబ్బుపట్టీ కట్టుకుంది. ఆ ఇరవై నిమిషాల కోసం మూడు రోజులు పెట్టినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

స్థానిక బికోల్ ప్రజలు ఈ మబ్బుకు ఒక కథ చెబుతారు. దరగాంగ్ మగయోన్ అనే అందగత్తె పంగనోరోన్ అనే యువకుణ్ణి ప్రేమించిందనీ, పగ్తుగా అనే మరో నాయకుడు ఆమెను బలవంతంగా పెళ్ళాడబోగా జరిగిన పోరులో ప్రేమికులిద్దరూ చనిపోయారనీ, ఆమెను పాతిపెట్టిన చోటే ఈ కొండ మొలిచిందనీ ఆ కథ. బికోల్ భాషలో దరగా అంటే కన్య, మగయోన్ అంటే అందమైనది. ఆ మగయోనే మయోన్ అయిందంటారు. శిఖరాన్ని కమ్మిన మబ్బు ఆ ప్రియుడేనని అక్కడివారి మాట. ఈ కథ తెలిసి వెళ్తే, మబ్బు పట్టిన రోజున కూడా మీకు అంత నిరాశగా ఉండదు.

కాబట్టి కనీసం మూడు రాత్రులు పెట్టుకోండి. మార్చి నుంచి మే వరకు అనుకూలమైన కాలం. జూన్ నుంచి డిసెంబరు దాకా తుపానుల రోజులు. పైగా బికోల్ ప్రాంతానికి ఈశాన్య గాలుల వల్ల నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో వాన ఎక్కువ. నెల్లూరు వైపు బంధువులున్నవారికి ఈ ఈశాన్య వానల సంగతి చెప్పనక్కరలేదు.

బసకు సంబంధించి ఒక్క మాట. నేను దిగిన చోట మయోన్ కనిపించే గది అని చెప్పి కొంత అదనంగా తీసుకున్నారు. కిటికీ తీస్తే పక్క భవనం మీది నీళ్ళ ట్యాంకు కనిపించింది. డబ్బు కట్టేముందు గది కిటికీ లోంచి తీసిన ఫొటో పంపమని అడగండి. లేదా మామూలు గది తీసుకుని, తెల్లవారకముందే సముద్రపు గట్టు దారికి గాని, 156 మీటర్ల ఎత్తున్న లిగ్నోన్ కొండ మీదికి గాని వెళ్ళండి. ఆ కొండ మీద నుంచి ఒక వైపు మయోన్, మరో వైపు నగరం, అల్బాయ్ అఖాతం కనిపిస్తాయి. అగ్నిపర్వతాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టి చూసే ప్రభుత్వ పరిశీలన కేంద్రం కూడా ఆ కొండ మీదే ఉంది.

ప్రశ్న: భారతీయులకు ఇప్పుడు ఫిలిప్పీన్స్ వీసా అవసరం లేదంటున్నారు. నిజమేనా?
— హైదరాబాదు నుంచి ముగ్గురు పాఠకులు

జవాబు: 2025 జూన్ నుంచి పర్యటనకు వెళ్ళే భారతీయ పౌరులను 14 రోజుల వరకు వీసా లేకుండా అనుమతిస్తున్నారు. అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, షెంగెన్ దేశాలు, సింగపూర్, బ్రిటన్ వీటిలో దేనిదైనా చెల్లుబాటు వీసా గాని నివాస అనుమతి గాని ఉన్నవారికి 30 రోజులు. ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, బస ఖాయమైన కాగితం, ఖర్చులకు తగిన సొమ్ము ఉన్నట్టు ఆధారం దగ్గర ఉండాలి. చేరడానికి ముందు 72 గంటల్లోపు ఈ-ట్రావెల్ అనే ప్రభుత్వ నమోదు పూర్తి చేయాలి. అది ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు. నిబంధనలు మారుతుంటాయి గనుక టికెట్టు కొనేముందు రాయబార కార్యాలయం ప్రకటనను ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మయోన్ ముందు నిలబడ్డ ఒంటరి గంటగోపురం ఫొటో చాలాచోట్ల చూశాను. లావా వచ్చి చర్చి మొత్తం మునిగిపోగా గోపురం మాత్రమే మిగిలిందంటారు. ఇది చరిత్రా, కట్టుకథా?
— చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: విషాదం చరిత్రే, వివరాలలో కొంత కథ కలిసింది. ఆ చోటు పేరు కగ్సావా, ఇప్పుడు దరాగా పట్టణంలో భాగం. 1814 ఫిబ్రవరి 1న జరిగిన విస్ఫోటనం మయోన్ చరిత్రలోకెల్లా ఘోరమైనది. సుమారు 1,200 మంది చనిపోయారు. కగ్సావాతో పాటు బుదియావో అనే పక్క ఊరు కూడా నాశనమైంది. జనం ఫ్రాన్సిస్కన్ మతగురువులు కట్టించిన రాతి చర్చిలో తలదాచుకున్నారనీ అక్కడే ప్రాణాలు వదిలారనీ తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

అయితే ఆ ఊరిని ముంచింది మెల్లగా పారే ఎర్రని లావా కాదు. మండే బూడిద, రాళ్ళు, వేడి వాయువులు, ఆ తర్వాత వాన నీటితో కలిసి దిగిన బురద ఆ పని చేశాయి. చర్చి కూడా ఆ ఒక్క రోజుతోనే గోపురం తప్ప ఏమీ మిగలకుండా పోలేదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో తీసిన ఛాయాచిత్రాలలో ముందు గోడ ఇంకా నిలబడి ఉంది. అది తర్వాతి కాలంలో కూలింది. ఇప్పుడు మిగిలింది నల్లని అగ్నిశిలలతో కట్టిన గోపురం, దాని చుట్టూ మోకాటి ఎత్తు గోడల ఆనవాళ్ళు. గోపురం పగుళ్ళలో ఫెర్న్ మొక్కలు మొలిచి ఉంటాయి. రాయి మీద చెయ్యి వేస్తే గరుకుగా, లోపల గాలి బుడగలు చిక్కుకుని గట్టిపడినట్టు చిన్న చిన్న బొక్కలతో ఉంటుంది. కొండ పడగొట్టిన గుడిని కట్టడానికి వాడిన రాయి కూడా ఆ కొండదేనన్న మాట.

అక్కడి కుర్రాళ్ళు మీ ఫోను తీసుకుని, మయోన్‌ను మీ అరచేతిలో నిలబెట్టినట్టు ఫొటోలు తీసి పెడతారు. తీయించుకోండి, వారికి అది జీవనోపాధి, సంతోషంగా ఇచ్చినది తీసుకుంటారు. కాని ఆ పచ్చిక కింద ఎందరో ఉన్నారన్నది మాత్రం గుర్తుంచుకోండి. కగ్సావా చూశాక దరాగా చర్చికి తప్పక వెళ్ళండి. 1773 నాటి ఆ చర్చి గుట్ట మీద ఉంది. దాని ముందు గోడ మీద మెలితిరిగిన స్తంభాలనూ సాధువుల శిల్పాలనూ అగ్నిశిలలోనే చెక్కారు. చరిత్ర చెప్పేవారు గనుక మీకు ఇంకొక సంగతి: మయోన్ పేలిన మరుసటి ఏడాది, 1815లో, ఇండోనేషియాలో తంబోరా పేలింది. 1816లో ఐరోపాకు, ఉత్తర అమెరికాకు వేసవి రాకపోవడానికి ప్రధాన కారణం తంబోరాయే అయినా, దానికి ముందే మయోన్ చిమ్మిన ధూళి కూడా కొంత చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ప్రశ్న: పిల్లలతో వెళ్ళాలనుకుంటున్నాం. ఎప్పుడు పేలుతుందో తెలియని కొండ పక్కన మూడు రోజులు ఉండడం తెలివైన పనేనా? ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదు.
— గృహిణి, విజయవాడ

జవాబు: పెద్దవాళ్ళ భయాన్ని తీసిపారేయకండి. మయోన్ ఫిలిప్పీన్స్‌లోకెల్లా చురుకైన అగ్నిపర్వతం. 1616లో మొదటిసారి నమోదైనప్పటి నుంచి 50 సార్లకు పైగా విస్ఫోటించింది. 2018లోనూ, 2023లోనూ నెలల తరబడి లావా కార్చింది. అయినా రెండు లక్షల మంది ఉండే నగరం అక్కడ బతుకుతోందంటే, ఆ కొండతో ఎలా మెలగాలో వారికి తెలుసు గనుక. మీరు తెలుసుకోవలసినదీ అదే.

ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత, భూకంప శాస్త్ర సంస్థను అందరూ ఫివోల్క్స్ అంటారు. ఈ సంస్థ మయోన్‌కు 0 నుంచి 5 వరకు హెచ్చరిక స్థాయిని ప్రకటిస్తుంది. 0 అంటే మామూలు స్థితి, 1 అంటే కొద్దిపాటి అలజడి, 2 అంటే అలజడి పెరుగుతున్నది, 3 అంటే ప్రమాదకరమైన విస్ఫోటనం వైపు మొగ్గు, 4 అంటే అది దగ్గర పడింది, 5 అంటే జరుగుతోంది. స్థాయి ఏదైనా సరే, శిఖరం చుట్టూ 6 కిలోమీటర్ల మేర శాశ్వత నిషిద్ధ వలయం ఉంటుంది. నగర కేంద్రం శిఖరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. బయలుదేరేముందు, అక్కడ ఉన్న ప్రతి ఉదయం కూడా, ఫివోల్క్స్ ప్రకటన చూడండి. స్థాయి 0 గాని 1 గాని ఉన్నప్పుడు పిల్లలతో నగరంలో ఉండడానికి నేను వెనుకాడను. 2 ఉంటే ప్రయాణాన్ని వాయిదా వేసుకునే వీలున్న టికెట్టు కొంటాను. 3కు చేరితే పిల్లలతో వెళ్ళను.

మనవాళ్ళకు లావా అంటేనే భయం. మయోన్ దగ్గర ప్రాణాలు ఎక్కువగా తీసినవి మాత్రం వేరే. ఒకటి, వేడి బూడిద, రాళ్ళు, వాయువులు కలిసి వాలు వెంట దూసుకువచ్చే మేఘం. స్థానికులు దాన్ని ఊసోన్ అంటారు. పరిగెత్తి గాని, బండి మీద గాని దాన్ని తప్పించుకోవడం అసాధ్యం. 1993 ఫిబ్రవరి 2న ముందు సూచన ఏదీ లేకుండా వచ్చిన ఊసోన్‌లో 70 మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆగ్నేయపు వాలులోని వాగు పక్కన పొలం పనుల్లో ఉన్న రైతులు.

రెండోది లహార్, అంటే బూడిద, రాళ్ళు వాన నీటితో కలిసి వచ్చే బురద వరద. 2006లో మయోన్ నెలల తరబడి రాజుకుని, వాలు నిండా బూడిద పోసి, అక్టోబరుకు చల్లబడింది. కొండ శాంతించిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నవంబరు 30న రెమింగ్ అనే తుపాను వచ్చింది. కుండపోతకు ఆ బూడిదంతా కరిగి, ఇళ్ళంత బండరాళ్ళను దొర్లించుకుంటూ ఊళ్ళ మీద పడింది. లెగాస్పిలోని పదాంగ్, దరాగాలోని, గినోబాతాన్‌లోని పల్లెలు పూడుకుపోయాయి. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోవడమో, ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. ఆనాడు కొండ పేలలేదు, వాన కురిసింది అంతే. కాబట్టి అమ్మా, మయోన్ దగ్గరికి వెళ్ళేవారు కొండ వార్తతో పాటు వాతావరణ వార్త కూడా చూడాలి. పెద్ద వాన పడుతున్నప్పుడు వాగుల దగ్గరికి, కొండ దిగువ దారులకు వెళ్ళకూడదు. తుపాను వస్తుందని తెలిస్తే ఆ ప్రయాణమే మానుకోండి. దివిసీమను మరిచిపోని జిల్లాలో ఉన్న మీ పెద్దలకు ఈ జాగ్రత్త వివరించి చెబితే, వారు ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ప్రశ్న: నేను హిమాలయాల్లో రెండు ట్రెక్కింగులు చేశాను. గైడును పెట్టుకుంటే మయోన్ ఎక్కిస్తారని విన్నాను. వివరాలు ఇవ్వగలరా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: ఇవ్వను బాబూ, ఎందుకో చెబుతాను. 2013 మే 7న ఉదయం శిఖరానికి దగ్గరలో ఉన్న పర్వతారోహకుల మీద మయోన్ ఒక్కసారిగా ఆవిరితో పేలింది. ఒక నిమిషం పైచిలుకు సాగిన ఆ చిన్న పేలుడులో విదేశీ యాత్రికులు నలుగురు, వారి వెంట ఉన్న స్థానిక గైడు ఒకరు చనిపోయారు. ఆ రోజు హెచ్చరిక స్థాయి 0. లోపలి వేడి రాళ్ళకు వాన నీరు తగిలితే చాలు, ఏ సూచనా లేకుండా ఇటువంటి పేలుడు జరగవచ్చు. నిషిద్ధ వలయంలోకి తీసుకువెళ్తానని రహస్యంగా డబ్బు అడిగేవారు ఎవరైనా ఎదురైతే వెళ్ళకండి. మీరు తప్పిపోతే మిమ్మల్ని వెతకడానికి ఆ వాలు ఎక్కవలసింది అక్కడి పల్లె యువకులే.

ఒళ్ళు అలవాలని ఉంటే కగ్సావా దగ్గర నాలుగు చక్రాల మోటారు బండ్ల మీద పాత లావా పారిన దారుల్లోకి, అనుమతి ఉన్న హద్దు వరకు తీసుకువెళ్తారు. కమాలిగ్ పట్టణంలోని క్విటిందై గుట్టలు, హోయోప్-హోయోపన్ గుహ నడకకు బాగుంటాయి.

ప్రశ్న: అన్ని అగ్నిపర్వతాలూ ఉండగా మయోన్ మాత్రమే గీసినట్టు అంత తీరుగా ఎందుకుంది? తాల్, పినతుబో అన్నవి దీని పక్కనే ఉంటాయా?
— భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: కళ్ళంలో వడ్ల రాశి పోయడం మీరు చూసే ఉంటారు. బస్తాను ఒకే చోట నిలబెట్టి పోస్తే రాశి అన్ని వైపులా సమంగా జారి కూచిగా నిలుస్తుంది. పోసే మనిషి అటూ ఇటూ జరిగితే రాశి వంకరపోతుంది. మయోన్ విషయంలోనూ అదే జరిగింది. పసిఫిక్ వైపు సముద్రపు అడుగు పలక ఫిలిప్పీన్స్ కిందికి దూరుతున్న చోట పుట్టే శిలాద్రవం ఇక్కడ దాదాపు ఎప్పుడూ నడినెత్తిన ఉన్న ఒకే గొట్టం ద్వారా వస్తోంది. ఒకసారి లావా, ఒకసారి బూడిదా రాళ్ళూ, ఇలా పొర మీద పొర చుట్టూ సమంగా పడింది. పక్క వాటంగా కొత్త నోళ్ళు తెరుచుకున్న కొండలకు మూపురాలు లేస్తాయి, ఒక్కసారిగా భారీగా పేలిన కొండలకు తల ఎగిరిపోతుంది. మయోన్ తరచుగా, మరీ పెద్దవి కాని విస్ఫోటనాలతో తనను తాను సరిచేసుకుంటూ ఉంటుంది. అందుకే అడుగున సన్నగా పరుచుకున్న వాలు, పైకి పోయేకొద్దీ నిటారుగా మారుతుంది. మన తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు 1,700 మీటర్లకు లోపే. ఇది ఒంటరిగా, తీరం పక్కన, అంతకు చాలా మించి నిలబడింది గనుక చూసేవారికి ఇంకా ఎత్తుగా అనిపిస్తుంది.

తాల్, పినతుబో రెండూ వేరే దిక్కున ఉన్నాయి. తాల్ మనీలాకు దక్షిణాన, తగాయ్‌తాయ్ గట్టు కింద, సరస్సు నడుమ ఉంటుంది. 2020 జనవరిలో అది పేలింది. పినతుబో మనీలాకు వాయవ్యాన ఉంది. 1991 జూన్ 15 నాటి మహా విస్ఫోటనంలో దాని తల 250 మీటర్లకు పైగా ఎగిరిపోయి, ఆ గుంటలో ఇప్పుడు సరస్సు నిలిచింది.

ప్రశ్న: మేము శాకాహారులం. పాప మాత్రం గుడ్డు తింటుంది. అక్కడ అన్నీ పందిమాంసంతో చేస్తారని విని సంశయిస్తున్నాం. ఏం తినాలి?
— కొబ్బరి రైతు, అమలాపురం

జవాబు: మీరు కోనసీమవారు గనుక బికోల్ వంట వాసన మీకు పరాయిగా తోచదు. ఫిలిప్పీన్స్‌లో మిగతా చోట్ల కారం తక్కువ. బికోల్‌లో మాత్రం కొబ్బరిపాలు, పచ్చిమిరప లేని కూర ఉండదు. మూడు పూటలా అన్నం దొరుకుతుంది. అక్కడి ప్రసిద్ధ వంట లాయింగ్ అంటే ఎండబెట్టిన చేమాకులను అల్లం, మిరపలతో చిక్కని కొబ్బరిపాలలో గంటల తరబడి ఉడికించిన కూర. చేమాకు దురద సంగతి మనకు తెలిసిందే. కొబ్బరిపాలు ఇంకి నూనె తేలేవరకు గరిటె పెట్టి కలపకూడదనీ, కలిపితే గొంతు దురద పెడుతుందనీ అక్కడి ఆడవారు గట్టిగా నమ్ముతారు. ఒక పూటకూటి ఇంట్లో నేను ఉత్సాహంగా గరిటె అందుకోబోతే, వండుతున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. నల్లపచ్చగా, నూనె తేలి, తియ్యగా కారంగా ఉన్న ఆ ముద్దను వేడి అన్నంలో కలుపుకుంటే గోదావరి పక్క ఇంట్లో కూర్చున్నట్టే అనిపించింది.

చిక్కు ఎక్కడంటే, లాయింగ్‌లో సాధారణంగా పందిమాంసం ముక్కలో, ఎండుచేపో, రొయ్యల ముద్దో వేస్తారు. పైకి కనిపించదు. బికోల్ ఎక్స్‌ప్రెస్ అని రైలు పేరుతో ఉండే కూర పూర్తిగా పందిమాంసమే. శాకాహారం కావాలంటే చాలామంది అర్థం చేసుకునేది మాంసం ముక్కలు తీసేసి వడ్డించమని. అందుకని ఏవేవి వద్దో విడివిడిగా చెప్పాలి: వలాంగ్ కార్నే అంటే మాంసం లేకుండా, వలాంగ్ ఇస్దా అంటే చేప లేకుండా, వలాంగ్ బగోఓంగ్ అంటే ఉప్పు చేపల, రొయ్యల ముద్ద లేకుండా. ఈ మూడు ముక్కలు చీటీ మీద రాయించి పెట్టుకోండి. ముందు రోజే చెబితే చిన్న పూటకూటి ఇళ్ళలో గుమ్మడికాయ, బొబ్బర్లు కొబ్బరిపాలలో ఉడికించి ఇస్తారు. పాపకు గుడ్డు ఎక్కడైనా దొరుకుతుంది. ఆవకాయ సీసాను విమానంలో చేతిసంచిలో కాక పెద్ద పెట్టెలో సర్దుకోండి, నూనె ఉన్నది చేతిసంచిలో రానివ్వరు.

పిలి పప్పు తినకుండా మాత్రం రాకండి. బికోల్ నేలలో విరివిగా పెరిగే చెట్టు అది. రెండు కొసలూ మొన తేలిన గోధుమరంగు పెంకు రాయిలా ఉంటుంది, కత్తితో ఒక్క వేటు సరిగ్గా నడుమ పడితేనే రెండుగా విడిపోతుంది. లోపలి పప్పు బాదం కన్నా మెత్తగా, వెన్నలా కరుగుతుంది. బెల్లపు పాకం పట్టినవీ, ఉప్పు వేసి వేయించినవీ దొరుకుతాయి. మిరపకాయ ఐస్‌క్రీం కూడా లెగాస్పి ప్రత్యేకత. మొదట చల్లగా, తియ్యగా ఉండి, మింగాక గొంతులో మంట తెలుస్తుంది.

ప్రశ్న: లెగాస్పి నుంచి తిమింగలపు సొరలను చూడడానికి వెళ్ళవచ్చంటారు. అవి ప్రమాదమా?
— విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వాటి వల్ల మనకు ప్రమాదం లేదు, మన వల్ల వాటికి ఉంది. లెగాస్పికి దక్షిణాన, గంటా గంటన్నర ప్రయాణంలో సోర్సోగాన్ రాష్ట్రపు దొన్సోల్ ఉంది. నవంబరు నుంచి జూన్ వరకు నదీముఖాల దగ్గర సూక్ష్మజీవుల మేత కోసం ఈ పెద్ద చేపలు వస్తాయి, ఫిబ్రవరి నుంచి మే వరకు ఎక్కువగా కనిపిస్తాయి. స్థానికులు వాటిని బుతాందింగ్ అంటారు. 1998 నుంచి అక్కడి జాలర్లే పడవలు నడుపుతూ, శిక్షణ పొందిన సహాయకులుగా పనిచేస్తూ ఆ చేపలను కాపాడుకుంటున్నారు. ముట్టుకోకూడదు, మెరుపు దీపంతో ఫొటో తీయకూడదు, ఒక చేప దగ్గర ఒకే పడవ ఉండాలి. అక్కడ మేత వేసి పిలవరు. కనుక ఒక్కటీ కనబడని రోజులు ఉంటాయి, ఆ రోజున మీ డబ్బు వృథా అయిందని బాధపడకండి. సెబు దీవిలోని ఓస్లోబ్‌లో మేత వేసి రోజూ రప్పిస్తారు. అక్కడ తప్పక కనిపిస్తాయి గాని, ఆ పద్ధతి నాకు నచ్చదు. మీ విశాఖ తీరానికి కూడా ఇవి అప్పుడప్పుడు వస్తాయి. మన దేశంలో 2001 నుంచి వీటికి చట్టరక్షణ ఉంది.

ప్రశ్న: మయోన్ మళ్ళీ లావా చిమ్మితే ఆ రాత్రి దృశ్యం చూడడానికి వెంటనే బయలుదేరాలని మా మిత్రబృందం అనుకుంటోంది. తప్పా?
— సింగపూర్‌లో పనిచేస్తున్న తెలుగు యువకుడు

జవాబు: లెగాస్పి సముద్రపు గట్టు మీద నుంచి రాత్రివేళ ఎర్రని చారలను చూడడానికి 2018లోనూ 2023లోనూ ఎందరో వెళ్ళారు. హోటళ్ళకు, బండ్లవారికి ఆ సొమ్ము అవసరమే గనుక నేను దాన్ని తప్పు అనను. కాని అదే సమయంలో కొండ దిగువ పల్లెల్లోని వేలాది కుటుంబాలు ఇళ్ళూ పశువులూ వదిలి బడి గదుల్లో తలదాచుకుంటాయి. ఒక్కో గదిలో ఎన్నో కుటుంబాలు ఉంటాయి, పిల్లల చదువు ఆగిపోతుంది, నెలలు గడుస్తాయి. పొలం చూసుకుని వస్తామని కాపలా కళ్ళుగప్పి నిషిద్ధ వలయంలోకి వెళ్ళే రైతులు కూడా ఉంటారు. ఆకలి వారిని తోస్తుంది.

మీరు వెళ్ళదలిస్తే నగరం దాటి కొండ వైపు వెళ్ళకండి, సహాయక వాహనాలు తిరిగే దారులకు అడ్డం పడకండి. డ్రోన్లు ఎగరేయకండి. శిబిరాల్లో ఫొటోలు తీయకండి. సహాయం చేయదలిస్తే పాత బట్టలు మోసుకెళ్ళడం కాక, అక్కడి పురపాలక కార్యాలయంలో ఏం కావాలో అడిగి లెగాస్పి అంగళ్ళలోనే కొని ఇవ్వండి.

ప్రశ్న: అక్కడ ఇంగ్లీషు సరిపోతుందా? పలకరింపుకు రెండు ముక్కలు నేర్పండి.
— బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం

జవాబు: ఇంగ్లీషు దాదాపు అందరికీ వస్తుంది. అయినా బికోల్ మాట ఒకటి మీకు చాలా ఉపయోగపడుతుంది. మనం మాట చివర "అండీ" చేర్చినట్టు వారు "తాబి" చేరుస్తారు. మార్హాయ్ నా ఆగా తాబి అంటే శుభోదయమండీ. దియోస్ మబలోస్ తాబి అంటే ధన్యవాదాలండీ. మనీలా వైపు ఇదే పనికి "పో" అంటారు, అదీ అందరికీ తెలుసు.

జీప్‌నీ, అంటే అక్కడివారు కలిసి ప్రయాణించే పొడవాటి జీపుబండి, ఎక్కినప్పుడు కండక్టరు ఉండడు. వెనుక కూర్చున్నవారి చిల్లర చేతులు మారుతూ డ్రైవరును చేరి, మిగిలిన డబ్బు మళ్ళీ అదే దారిన తిరిగి వస్తుంది. మీ పక్కవారు నాణేలు మీ చేతిలో పెడితే కంగారు పడకుండా ముందుకు అందించండి. దిగవలసిన చోటు రాగానే "పారా పో" అనండి, బండి ఆగుతుంది. దరాగా నుంచి లెగాస్పి రేవు వైపు వెళ్ళే జీప్‌నీలో ఎడమ పక్కన కూర్చుంటే, మబ్బు లేని ఉదయమైతే, కిటికీలో ఇళ్ళ సందుల మధ్య మయోన్ కనిపిస్తూ ఉంటుంది.